చేతుల కిందికి జరిగిన బేసిను

మా అన్నకు పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. అన్నలో లోపమేమీ లేదు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, బీడీ కూడా ముట్టనివాడు. లోపమంతా మా ఊరి నీళ్ళది. బెళుగుప్ప దగ్గరి మా పల్లెలో బోరింగు కొడితే వచ్చేవి ఉప్పునీళ్ళు. వాటితో పప్పు ఉడకదు, తాగితే దాహం తీరదు. మంచినీళ్ళు కావాలంటే కరెంటు ఉన్న వేళ చూసుకుని, ఊరి బయట తోటలో ఉన్న బోరు దగ్గరికి బిందెలెత్తుకుని పోవాలి. తొంభైల చివర్లో వానలు మొహం చాటేసిన రోజులవి. అప్పటికే రెండు సంబంధాల వాళ్ళు వచ్చి, మా వీధిలో బిందెల వరస చూసి, ఇంటికి పోయి కబురు పెడతామన్నారు. ఆ కబుర్లు ఇప్పటికీ రాలేదు.

వాళ్ళను తలచుకుంటే నాకు ఒళ్ళు మండేది. నీళ్ళు లేవని చూశారు గానీ, ఉన్న నీళ్ళను మా అమ్మ ఎట్లా వాడుతుందో చూడలేదు కదా! నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఆ తర్వాత పట్నాల్లో కాపురం ఉన్నాను, ఎందరి వంటిళ్ళో చూశాను. అమ్మలాంటి ఇల్లాలు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

మా ఇంట్లోకి వచ్చిన నీళ్ళు ఒక్క పనితో తప్పించుకోలేవు. బియ్యం తొలిసారి కడిగిన నీళ్ళు బర్రె కుడితిలోకి పోయేవి, రెండోసారి కడిగినవి పులుసులోకి. గిన్నెలను ముందు బూడిదతో పొడిగానే రుద్ది, పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే నీళ్ళలో ముంచేది. బట్టలు జాడించిన నీళ్ళతో బండలు తుడిచి, మిగిలినవి దుమ్ము అణగడానికి వాకిట్లో చల్లేది. మేము స్నానం చేసే మూలను బచ్చలి అంటాం. అక్కడి నీళ్ళు సన్న కాలువలో పోయి పెరట్లో వంకాయ మొక్కలకు చేరేవి. చెంబు పైకెత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకుని తాగడం మాకు నడకతో పాటే నేర్పింది. ఎంగిలి చెయ్యకపోతే చెంబు కడిగే పనే ఉండదు. తలస్నానం చేస్తూ నేను ఇంకో చెంబు అడిగితే, "ఏమ్మే, జుట్టు కడుగుతాండావా, గుట్ట కడుగుతాండావా?" అనేది. నవ్వుతూనే అనేది గానీ ఆ చెంబు మాత్రం ఇచ్చేది కాదు.

మూడో సంబంధం విడపనకల్లు వైపు నుంచి వచ్చింది. ఇల్లు చూడడానికి పిల్ల తండ్రితో పాటు ఆయన తల్లి కూడా వస్తుందని తెలిసింది. పిల్లకు ఆమె జేజి, అంటే నాయనమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటే మాటట. ఇక మా నాయన కాలు ఒక చోట నిలవలేదు. తోట నుంచి ఎద్దులబండి మీద డ్రమ్ములు తెప్పించి బచ్చలి తొట్టిని అంచుదాకా నింపించాడు. బిందెలన్నీ నింపి, వచ్చేవాళ్ళ కంట పడేట్టు వసారాలో వరసగా పెట్టించాడు. కుడితి తొట్టి మీద గోనెపట్ట కప్పాడు. అప్పుడు అమ్మను పిలిచాడు.

"సూడు, ఈ పొద్దు ఒక్కపూట చెయ్యి బిగపట్టాకు. ఒక చెంబు అడిగితే రెండు పొయ్యి. ఈళ్ళకు నీళ్ళకేం కొదవ లేదనుకోవల్ల."

"ఎన్నాళ్ళు అనుకుంటారు? పిల్ల ఈడికొచ్చినాక తెలిసిపోదా?" అంది అమ్మ.

"ముందు పిల్లను రానీ. నువ్వు నోరు తెరవాకు."

అమ్మ నోరు తెరవలేదు. వచ్చినవాళ్ళకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ధారాళంగానే ఇచ్చింది. ఆ నీళ్ళు బండల మీద పారిపోతుంటే ఆమె ముఖం పన్ను పీకించుకుంటున్న మనిషిలా ఉంది. మాటలు బాగానే సాగాయి. పిల్ల తండ్రికి అన్న నచ్చాడు. నాయన సంబరం పట్టలేక కరువు గురించి ఎవరో అడిగినట్టు, "మాకేం తక్కువ లేదులే" అని రెండుసార్లు అన్నాడు.

భోజనాలయ్యాయి. జేజి బచ్చలి దాకా నడవలేక వసారా అంచునే కూర్చుని చేతులు చాపింది. అమ్మ చెంబు వంచింది. అప్పుడు జరిగింది అసలు తప్పు. కుడిచేత్తో నీళ్ళు పోస్తూనే, ఎడమచేత్తో పక్కనున్న బేసిను లాగి ఆ చేతుల కిందికి జరిపేసింది. చెంబులోంచి నీళ్ళు దారంలా సన్నగా పడుతున్నాయి. ఏళ్ళ తరబడి చేసిన పని, ఆమెకు తెలియకుండానే చేతులు చేసేశాయి. నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అన్న తల దించుకున్నాడు. అయిపోయింది, ఈ సంబంధమూ పోయింది అనుకున్నాను.

జేజి బేసిను వంక చూసింది. "ఏమ్మా, ఈ నీళ్ళు యాడికి పోతాయి?"

"ఏం లేదవ్వా, నేల తడుస్తాదని..." నాయన అడ్డం వచ్చాడు.

"బర్రెకు," అంది అమ్మ.

జేజి గోడ పట్టుకుని లేచింది. చూపించమంది. అమ్మ ఇక దేన్నీ దాచలేదు. గోనెపట్ట తీసి కుడితి తొట్టి చూపింది, బూడిద రుద్దిన గిన్నెలు చూపింది, వంకాయ మొక్కల దాకా కాలువ వెంట నడిపించింది. డ్రమ్ములు ఆ పొద్దునే బండి మీద వచ్చాయని కూడా చెప్పేసింది. నాయన వెనకాలే వస్తూ దగ్గుతూనే ఉన్నాడు.

మళ్ళీ వసారాలో కూర్చున్నాక జేజి సూటిగా అడిగింది. "మా పిల్ల ఈ ఇంటికొస్తే నీళ్ళు ఎవురు మోస్తారు?"

"వచ్చే ఏడు ఇంటింటికీ కొళాయి ఏస్తామంటాండారు," అన్నాడు నాయన. జేజి ఆయన వైపు చూడలేదు.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "అబద్ధం చెప్పలేనవ్వా. నేనూ మోస్తా, నీ మనవరాలూ మోయల్ల. కానీ ఇంట్లో నేనొక బిందె మిగిలిస్తే, ఆ పిల్లకు ఒక బిందె బరువు తగ్గుతాది. పిసినారితనంతో సూసేది కాదు ఈ లెక్క. మోసే మనిషి మెడ ఎట్లుంటాదో నాకు తెలుసు."

ఇన్నాళ్ళూ అమ్మ తెలివిని చూసి మురిసిపోయాను. ఆ తెలివి వెనక నా మెడ ఉందని, అన్న మెడ ఉందని, ఇంకా ఈ గడప తొక్కని ఒక పిల్ల మెడ ఉందని అప్పుడే తెలిసింది.

జేజి తన మెడ వెనక చెయ్యి పెట్టుకుంది. "చిన్నపిల్లప్పుడే కాపురానికొచ్చి ఎత్తుకున్నానమ్మా బిందెను. మా అత్త ఏ పొద్దూ నా మెడ ఊసెత్తలే," అంది. కళ్ళు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది.

"పిల్లను ఈ ఇంటికే ఇయ్యప్పా. ఇంగ యాడా సూడొద్దు."