ఇంటాయన దాటని గడప

మా నాన్నను తన్నిన మనిషిని నేను ఈనాటికీ క్షమించలేదు. చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని చాలాసార్లు ప్రయత్నించాను. నా వల్ల కాలేదు.

మదనపల్లెలో మాది వెనక వాటా. ముందు వాటాలో ఇంటాయన, ఆయన భార్య, ముసలి తల్లి ఉండేవాళ్లు. ఆయనకు చింతపండు మండీ ఉండేది. నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఒకప్పుడు క్షయ పట్టి, నయమయ్యాక ఆ పనిలో కుదిరాడు. జబ్బు పోయింది గానీ దగ్గు పోలేదు. ఆ దగ్గు విని పుంగనూరులో ఒకరు, కుప్పంలో ఒకరు మమ్మల్ని వెళ్లగొట్టారు. ఇక్కడ ఇంటాయన కూడా ముందు కుదరదన్నాడు. ఆయన తల్లే అడ్డుపడి, "దగ్గేవాడు యాడుండల్ల మరి, సెట్టు కిందా?" అని కొడుకును తిట్టి మాకు ఇల్లు ఇప్పించింది. ఆమెను మేం అవ్వా అని పిలిచేవాళ్లం. ఈ వాటా పోతే మాకు ఇంకొకటి దొరకదని ఇంట్లో అందరికీ తెలుసు.

యుద్ధం ముదిరింది. జపానువాళ్ల బాంబులు పడతాయని మద్రాసు జనం మూటాముల్లే సర్దుకుని మా ఊళ్లోకి వచ్చిపడ్డారు. గొడ్ల కొట్టాలకు కూడా గిరాకీ వచ్చింది. మమ్మల్ని పంపేసి వాళ్లను దించుకోవాలని ఇంటాయనకు ఆశ పుట్టింది. సరిగ్గా అప్పుడే సర్కారు కొత్త చట్టం తెచ్చింది. అద్దె సరిగా ఇచ్చేవాళ్లను అధికారి ఒప్పుకోకుండా ఖాళీ చేయించకూడదట. నాన్న ఆ మాట మెల్లగా ఇంటాయన చెవిన వేశాడు.

"నా ఇంట్లో నా మాట సెల్లదా?" అని ఆయన నిచ్చెన వేసుకుని మా కప్పు మీది పెంకులు పీకి వాకిట్లోకి విసిరాడు. ఒక పెంకు తగిలి అమ్మ భుజం చీరుకుపోయింది. ఇంకోరోజు బావి చేంతాడు కోసేశాడు. నాన్న వెళ్లి చెప్పుకుంటే అధికారి ఇంటాయన్ను పిలిపించి నలుగురిలో చీవాట్లు పెట్టాడు. దాంతో ఆయన కడుపుమంట రెట్టింపయింది.

ఆ ఎండాకాలం అవ్వకు మాట తడబడింది, మంచం పట్టింది. ఆమె చివరి దశలో ఉండగా ధనిష్ఠ వచ్చిందని పురోహితుడు హెచ్చరించాడు. ఆ నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇల్లు ఆర్నెల్లు మూసిపెట్టాలి, లేకపోతే ఇంకో చావు వస్తుందని నమ్మకం. అందుకే ప్రాణం పోకముందే మనిషిని ఏ కొట్టంలోకో మార్చి ఇంటిని కాపాడుకుంటారు. ఇంటాయన తల్లిని కొట్టంలోకి మార్చలేదు. మా వాటాలోకి తెచ్చాడు. చట్టం పంపనివ్వని మమ్మల్ని నక్షత్రంతో పంపుదామని ఆయన ఎత్తు.

పట్టపగలు. అమ్మ వాకిలి తలుపు గడియ పెట్టుకుని రాగులు దంచుతోంది. కలకడ నుంచి మండీకి చింతపండు తెచ్చిన బండివాళ్లు మంచంతో సహా అవ్వను మోసుకొచ్చారు.

"తలుపు తియ్యండి. మాయమ్మను ఈడ పండబెట్టల్ల," అని ఇంటాయన అరిచాడు.

"ముందర అంత ఇల్లు పెట్టుకోని ఈడికి యాలప్పా?" అంది అమ్మ.

గడియ పలుగుతో విరగ్గొట్టారు. నాన్న అడ్డం నిలబడ్డాడు. ఇంటాయన ఆయన రొమ్ము మీద తన్నాడు, జబ్బుచేసిన వైపే. నాన్న గోడకు కొట్టుకుని పడిపోయి రక్తం కక్కాడు. ఎవరినీ గట్టిగా కసిరి ఎరగని అమ్మ, చేతిలోని రోకలి ఎత్తి ఇంటాయన మోచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నాకు సంతోషం కలిగింది. తలుచుకుంటే ఇప్పటికీ కలుగుతుంది.

ఇంటాయన కేకలు పెడుతుంటే బండివాళ్లు మంచం అక్కడే దించి, ఆయన్ను పట్టుకుని బయటికి పోయారు. అమ్మ రోకలి పక్కన పెట్టి నాన్నను పడుకోబెట్టింది. తర్వాత అవ్వ పెదాలు తడిపింది. అవ్వ కళ్లు తెరిచి చూసింది.

"ఇది ఎవురిల్లు పాపా?"

"నీ ఇల్లే అవ్వా."

"నా ఇల్లయితే నన్ను ఈడ యాల పండబెట్టినారు?"

అమ్మ ఆమె తలను ఒడిలోకి తీసుకుంది. పొద్దు వాలకముందే అవ్వ తల అమ్మ ఒడిలో వాలిపోయింది.

అవ్వను నాన్న ఆసుపత్రి మనుషులే మంచంతో సహా వాకిట్లోకి చేర్చారు. దహనం అయ్యాక ఇంటాయన చేతికి కట్టుతో, అదే మనుషులతో మళ్లీ వచ్చాడు. ఆ కట్టు కట్టింది నాన్న పనిచేసే ఆసుపత్రిలోనే.

"ఇంటికి దోషం తగిలింది. ఆర్నెల్లు మూయల్ల. ఇది శాస్త్రం, దీనికి సర్కారు అడ్డం రాదు. బైటికి నడవండి!"

"మాకు నక్షత్రాలు లేవప్పా. మేం ఈడే ఉంటాం," అన్నాడు నాన్న పడుకున్నచోటు నుంచే.

"ఈడ్సెయ్యండ్రా!"

ఒక్కడూ కదల్లేదు. పలుగుతో గడియ విరగ్గొట్టినవాడు మా గడప వైపు చూసి వెనక్కి జరిగాడు. "మాకూ పిల్లోళ్లు ఉండారప్పా. ధనిష్ఠ పట్టిన గడప మేం తొక్కం. నువ్వే పో."

ఇంటాయన కాలెత్తి, దించేశాడు. మమ్మల్ని తరమడానికి తెచ్చిన దోషం ఆయన్నే ఆపేసింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఆ కసితో వాకిట్లో నిలబడి రాళ్లు విసిరాడు. మా నీళ్ల కుండ పగిలింది, నా నుదురు చిట్లింది. అమ్మ నన్ను వెనక్కి నెట్టి గడపలోకి వచ్చి నిలబడింది.

"మీయమ్మ సచ్చేముందర ఏమన్నాదో తెలుసునా?" అని, అవ్వ అడిగిన మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

ఆయన చేతిలో రాయి జారిపోయింది. అరుగు స్తంభానికి తల బాదుకున్నాడు, రక్తం కారేదాకా. ఆ మనుషులే ఆయన్ను లాక్కుపోయారు. నాకు ఆయన మీద జాలి రాలేదు. అవ్వ కోసం మాత్రం ఏడ్చాను.

ఆర్నెల్లు దాటాయి, ఏళ్లు దాటాయి. పెంకులు నేయడానికి మనిషిని పంపేవాడు గానీ ఇంటాయన మా గడప దాటలేదు, ఖాళీ చెయ్యమని అడగనూ లేదు. నాన్న ఆ గదిలోనే, దగ్గుతూ దగ్గుతూ కన్నుమూశాడు. ఆ రోజు ఏ నక్షత్రమో మేం ఎవరినీ అడగలేదు.