సమ్మెలో తడిసిన స్లాబు

భూక్యా సుభాష్ అన్న పెద్ద పెద్ద ఆనకట్టలు కట్టిన ఇంజనీరు కాదు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఆయన కట్టినవన్నీ ఊరి రోడ్లు, మోరీలు, బడి గదులు, వాగుల మీద చిన్న వంతెనలు. నేను మొగుళ్లపల్లి తహసీలు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు ఆయన మా మండలానికి ఏఈగా వచ్చాడు. అప్పటి నుంచి చనిపోయేదాకా నన్ను తమ్మీ అనే పిలిచాడు.

ఆయనది దంతాలపల్లి దగ్గర ఒక తండా. తండ్రి సేవ్యా, తల్లి సోమ్లీ ఎండాకాలం రాగానే మూట కట్టుకొని హైదరాబాదు పోయి మేడలు కట్టేచోట కూలికి కుదిరేవారు. సుభాష్ అన్న ఇసుక కుప్పల మీద ఆడుకుంటూ పెరిగాడు. వరంగల్‌లో డిప్లొమా చదివి ఏఈ అయ్యాక కూడా, కాంక్రీటులో సిమెంటు వంతు తగ్గిందో లేదో తనకంటే ముందు తల్లే పట్టేస్తుందని నవ్వుతూ చెప్పేవాడు.

మొదటి పోస్టింగు జనగామ. అక్కడ ఒక పెద్ద సారు మీటింగులో ఈయన మాట విని, 'గిట్ల గట్ల' అంటూ వెక్కిరించాడట. అందరూ నవ్వారు. సుభాష్ అన్న కాగితాలు సర్దుకుంటూ, "నా తెలుగు ఎట్లున్నా నేను తీసిన రోడ్డు లెవల్స్ సక్కగున్నయి సార్, చూసుకోండ్రి" అన్నాడట. ఆ సారు చూశాడు. లెవల్స్ సరిగానే ఉన్నాయి.

ఆయన భార్య ఉమ వదిన నర్సు. పొద్దున్నే దవాఖానకు పోవాలి కాబట్టి, కూతురు పూజకు రెండు జడలు వేసే పని ఆయనదే. పాపిట తీయడానికి రోడ్డుకు సెంటర్ లైన్ గీసినంత సేపు తీసుకునేవాడు. బడి గంట కొట్టేస్తారని ఆ పిల్ల ఏడుపు ముఖం పెట్టేది. మధ్యాహ్నం మాత్రం సైటు ఎంత దూరమైనా బండేసుకొని ఇంటికొచ్చి వదినతో కలిసి తినేవాడు. టిఫిను డబ్బా కొనుక్కోరాదా అని నేనొకసారి అడిగితే, "డబ్బా మాట్లాడది గద తమ్మీ" అన్నాడు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. మంగళవారం నుంచి ఆఫీసులన్నీ బంద్. మా మండల ఉద్యోగుల సమ్మె కమిటీకి నేనే కన్వీనర్ని. బస్టాండు దగ్గర టెంటు వేశాం. సుభాష్ అన్న మొదటి రోజే వచ్చి కమిటీ జాబితాలో సంతకం పెట్టి కూర్చున్నాడు. రెండో రోజు, మూడో రోజు మాత్రం పది దాటాక వచ్చాడు, ప్యాంటు మోకాళ్లదాకా తడుపుకొని. నాలుగో రోజు టెంటులో ఎవరో అననే అన్నారు: "మీ ఏఈ పొద్దుగాల్నే వాగు కాడ పని చేపిస్తుండు. గిదేం సమ్మె?"

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు తెల్లారగానే బండి తీసి వాగు దగ్గరికి పోయాను.

వాగు మీద వంతెనకు సమ్మెకు ముందు ఆదివారమే స్లాబు పోశారు. దాని మీద వరిమడుల్లాగా చిన్న చిన్న గట్లు కట్టి నీళ్లు నిలిపారు. సుభాష్ అన్న కింది నుంచి తాడుతో బకెట్టు లాగుతున్నాడు. ఉమ వదిన ఆ నీళ్లు మడుల్లో పోస్తోంది. ఆయన తల్లి సోమ్లీ అవ్వ చేతికి అద్దాల గాజులు గలగలమంటుండగా గోనె సంచులు తడిపి అంచుల మీద పరుస్తోంది.

"అన్నా, సమ్మెల ఉండి పని చేస్తే జనం ఏమంటరే?"

"గిది నౌకరీ పని కాదు తమ్మీ. రిజిస్టర్ల సంతకం లేదు, ఏం లేదు. పోసిన స్లాబు మూడు వారాలు తడవాలె. ఇప్పుడు ఎండితే పలుగుతది."

"కాంట్రాక్టరు మనుషులేరి?"

"కరెంటు లేక మోటరు నడుస్తలేదని ఇండ్లకు పోయిండ్రు. బొగ్గు బాయిలు బందైనంక కరెంటెక్కడిది? గా సమ్మె కూడ మనదే గదా, ఎవల్ననాలె?"

నేను ఇంకేదో అనబోయాను. సోమ్లీ అవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకొని నా వైపు తిరిగింది. "రేపు తెలంగాణ అస్తే గీ వాగు దాటేది ఎవలు బిడ్డా? మనమే గదా. ఉత్తగ నిలవడకు, గా బిందె అందుకో."

అందుకున్నాను. మా ఇంట్లో పొలం పనంతా పాలేర్లే చేసేవారు. ఆ రోజు ఇరవై బిందెలు మోసేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి.

టెంటుకు తిరిగొచ్చి జరిగింది చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు. పని పనే, ఆయన పేరు కమిటీ నుంచి తీసేయాలన్నారు. సుభాష్ అన్న లేచి, "తీసేస్తే తీసెయ్యుండ్రి, టెంటుల మాత్రం కూసుంట. కాని నీళ్లు పోసుడు బంద్ పెట్ట" అన్నాడు. అంగన్‌వాడీ టీచరు ఎల్లక్క అప్పటిదాకా మూలకు కూర్చొని వింటోంది.

"టెంటు బస్టాండు కాన్నే ఉండాల్నని ఏడ రాసుంది?" అంది. "వాగు కాడికి తీస్కపోదాం. రోడ్డు మీద వంటా వార్పు పెడ్దాం. వంటకెట్లైన నీళ్లు తేవాలె గదా."

ఆ మాటకు నవ్వనివాడు లేడు. సాయంత్రానికి టెంటు వాగు గట్టున లేచింది.

ఆ తర్వాతి రోజులు గుర్తొస్తే నాకిప్పటికీ హుషారుగానే ఉంటుంది. రోడ్డు మీద పొయ్యిలు, పాటలు, మధ్యమధ్య నినాదాలు, చేతిలో బిందెలు. గంటసేపు ఉపన్యసించే ఒక లెక్చరరు చేతికి ఎల్లక్క బిందె ఇచ్చాక ఆయన ప్రసంగాలు పది నిమిషాల్లో ముగిసేవి. మద్దతు తెలపడానికి భూపాలపల్లి నుంచి బొగ్గు గని కార్మికులు ట్రాక్టరులో వచ్చారు. సంగతి తెలిసి వారిలో ఒకాయన, "మీ మోటరు బంద్ పెట్టింది మేమే, గీ పొద్దు మోసుడు మా వంతు" అని తువ్వాలు తలకు చుట్టాడు. సుభాష్ అన్న వాళ్లకు అన్నం వడ్డిస్తూ ఒకటే మురిసిపోయాడు. మధ్యాహ్నం ఇంటికి పోయి తినే బాధ ఆ రోజుల్లో ఆయనకు తప్పింది. ఇల్లే వాగు దగ్గరికి వచ్చిందాయె.

మూడు వారాలు నిండాక ఆయన స్లాబంతా ఒంగి ఒంగి చూశాడు. ఒక్క పగులు లేదు. కమిటీలో ఆయన పేరు తీసేయాలన్న వాళ్లే ముందుగా దాని మీద నడిచారు. సమ్మె నలభై రెండు రోజులకు ఆగింది. రెండేళ్ల తర్వాత వాన ముసురులో వాగు పొంగినప్పుడు అవతలి ఊరి నుంచి నొప్పులు పడుతున్న ఒకామెను ఆటోలో ఆ వంతెన మీదుగానే తెచ్చారు. కాన్పు చేసింది ఉమ వదినే.

రాష్ట్రం వచ్చాక ఆయన మహబూబాబాద్‌కు బదిలీ చేయించుకున్నాడు, తల్లికి తండా దగ్గరవుతుందని. కాళేశ్వరం వైపు పెద్ద పనులు మొదలైనప్పుడు అటు పోతే పేరొస్తుందని స్నేహితులన్నారు. ఉమ ఇక్కడ, నేనక్కడా అని ఆయన ఒప్పుకోలేదు.

అక్కడే సొంతిల్లు కట్టుకున్నాడు. ప్లాను పన్నెండు సార్లు గీశాడు. పదమూడోది ఉమ వదిన పలక మీద సుద్దముక్కతో గీసింది, అదే కట్టారు. వంటింటి కిటికీ పడమటికి వద్దని ఆయన, కావాలని ఆమె వారం రోజులు వాదించుకున్నారట. గృహప్రవేశం నాడు చూస్తే కిటికీ పడమటికే ఉంది.

పూజ ఇంజనీరింగు వద్దని లా చదువుతానంది. "ఇంట్ల ఒక్క ఇంజనీరు సాలు బిడ్డా" అని తానే వెంటపోయి హన్మకొండలో చేర్పించాడు. రిటైరు కావడానికి ఏడాది ఉందనగా ఒక ఆదివారం పొద్దున, చాయ్ తాగి పేపరు చదువుతూ కుర్చీలోనే పోయాడు. మొగుళ్లపల్లి నుంచి మేం రెండు జీపుల్లో పోయాం. పూజ వాకిట్లోనే నిలబడి ఉంది. లోపలికి వచ్చినవాళ్లందరికీ వాళ్ల నాయిన గురించి ఏదో ఒకటి తెలుసు. ఆ పిల్ల ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకొని, "చెప్పుండ్రి బాబాయి, నాకు తెల్వనిది చెప్పుండ్రి" అని అడిగింది. నా వంతు వచ్చినప్పుడు ఈ వాగు సంగతే చెప్పాను. సమ్మె నాటికి పదేళ్ల పిల్ల, సగమే గుర్తుందట. మిగతా సగం విని, తెలియకుండానే నవ్వింది.