నాలుగు గంటల దారి

నల్లగొండ నుంచి హైదరాబాదు పోయే బస్సులో, నార్కట్‌పల్లి దగ్గర ఎక్కిన ఒక గొర్రెల కాపరి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో మడత విప్పని కొత్త గొంగడి. అది నా మోకాళ్లకు గుచ్చుకుంటుంటే పైన పెట్టమన్నాను.

"పెట్టను," అన్నాడు, నా మొహం చూడకుండానే.

కాసేపటికి ఆయనే అడిగాడు. "దుబాయి నుంచి హైదరాబాదుకు ఇమానం ఎన్ని గంటలల్ల వస్తది?"

నేను ముప్పై ఏళ్లు భూగోళం చెప్పిన వాణ్ని. ఏ ప్రయాణం చేసినా దూరం, పట్టిన సమయం డైరీలో రాసుకుంటాను. ముందు సీటు వీపు మీద వేలితో గీత గీసి చూపించాను.

"రెండున్నర వేల కిలోమీటర్లు. నాలుగు గంటలు. ఎవరొస్తున్నారు?"

"తమ్ముడు."

"ఇంకేం, హైదరాబాదు నుంచి బస్సులో అచ్చంపేట పోయినంత సేపట్లో దిగుతాడు," అని నవ్వాను.

ఆయన నా వైపు తిరిగాడు.

"వాడు సచ్చి ఇరవై రెండు దినాలాయె. కాయితం రాలేదంటిరి, సంతకం కాలేదంటిరి. ఇయ్యాల పెట్టెల పంపుతున్నరు. అప్పటి సంది మా అమ్మ పొయ్యి ముట్టియ్యలే. నాలుగు గంటలంటివి గద సారూ, గా దినాలన్నీ నీ గీతల ఏడున్నయో చూపెట్టు."

నేను వేలు తీసేశాను.

"గొంగడి కప్పందే మా కులంల మట్టియ్యరు. దీన్ని పైన పడేయమంటివి. సదువుకున్నోనివి, జర నోరు మూసుకొని కూసో."

ఎల్బీనగర్‌లో ఆయన దిగేదాకా గొంగడి అంచు నా మోకాళ్ల మీదే ఉంది. నేను కదల్లేదు.

ఆనాటి డైరీలో దూరం ఉంది. పట్టిన సమయం రాయలేదు.