పెద్దసారు గొంతు పోయిన రోజు

ఆ రోజుల్లో నేను పెట్రోలియం ఇంజనీరింగ్ చదివానంటే చంపాపేటలో ఎవరికీ ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. కంప్యూటర్లు చదివినవాళ్ళు ఏం చేస్తారో తెలుసు, డాక్టరీ చదివినవాళ్ళు ఏం చేస్తారో తెలుసు, మరి ఈ పిల్ల ఏం చేస్తుంది? మా మేనత్త నా పట్టాను అటూ ఇటూ తిప్పి చూసి, "బంకుల పెట్రోల్ పోసేతందుకు గూడ నాలుగేండ్లు చదవాల్నా బిడ్డా?" అని నిజంగానే జాలిపడింది. సముద్రం మధ్యలో చమురు తవ్వే రిగ్గు మీద హెల్మెట్ పెట్టుకుని నిలబడతానని కలలుగన్న నేను, చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, రెండు గదుల ఆఫీసులో తేలాను. (కింది నుంచి రోజంతా జనరల్ నాలెడ్జి బట్టీ వినిపించేది. ఆ ఏడాది నేను పోటీ పరీక్ష రాసి ఉంటే ఈపాటికి తహసీల్దారునై ఉండేదాన్ని.) పెట్రోలు బంకులు, గ్యాస్ గోదాములు పెట్టేవాళ్ళకు ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఏది ఎక్కడ ఉండాలో చెప్పి, లైసెన్సు చేతికొచ్చేదాకా వాళ్ళ వెంట నడవడం మా పని.

ఆ ఆఫీసు మా పెద్దసారుది. గోదావరి జిల్లాల్లో చమురు బావులు తవ్వి తవ్వి రిటైరై, పిల్లల చదువులకని ఇటొచ్చి స్థిరపడ్డ మనిషి. తెల్ల సఫారీ, చంకలో ఒక గుడ్డసంచి, నోట్లో ఆగని మాట. బస్సులో పక్కవాడికీ, టీకొట్టువాడికీ, కరెంటు బిల్లు కొట్టే అబ్బాయికీ ఆయన తన బావుల కథలు చెప్పేవారు. "ఒకసారి బావి తిరగబడిందమ్మా, ఆయ్, గ్యాసు తాటిచెట్టంత ఎత్తు లేచిపోయింది" అని మొదలుపెడితే ఎదుటివాడి బస్సు వెళ్ళిపోయినా ఆపేవారు కాదు. ఆ మాటల్లో గోదావరి ఎంత నిండుగా పారేదంటే, ఆయన ఏ ఊరివారో ఎవరూ అడగక్కర్లేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఇవాళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి ధర్నా. ఆటోల నంబరు ప్లేట్ల మీద ఏపీని కొట్టేసి టీజీ అని రాసుకునేవాళ్ళు. మా ఇంట్లో అందరికన్నా ముందు రోడ్డెక్కేవాడు మా చిన్నాయన. నల్లగొండ నుంచి వచ్చి లారీ నడిపి, ఆ తర్వాత లారీ పక్కనపెట్టి, జెండా పట్టుకున్నాడు. ఇంట్లో చిన్నాయన, ఆఫీసులో పెద్దసారు. ఈ ఇద్దరూ ఎదురుపడకుండా చూసుకోవడం నాకు జీతం లేని రెండో ఉద్యోగం.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే వనస్థలిపురం అవతల ఒక గ్యాస్ గోదాము తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఆ తేదీ తప్పితే మళ్ళీ ఎన్ని నెలలకో. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు ఉందని, అంటే వేలమంది రోడ్డు మీదే వండుకుని అక్కడే తింటారని, చిన్నాయన ముందురోజే ఇంట్లో చెప్పాడు. సారుకు ఫోన్ చేసి వద్దన్నాను. "మనం ఏం తప్పు చేశామమ్మా, నడుచుకుంటూ పోదాం" అన్నారాయన. షేర్ ఆటోవాడు కొత్తపేటలోనే ఆపేసి, "ముంగట రోడ్డు బంద్ ఉంది మేడం, గీడనే దిగున్రి" అన్నాడు. దిగాక నేను సారును ఒక దుకాణం నీడలోకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పాను.

"సార్, చౌరస్తా దాటేదాక మీరు నోరు తెరవొద్దు. ఎవరేమడిగినా నేనే మాట్లాడ్త."

"అంటే నన్ను మూగాణ్ణి చేస్తావా ఏంటమ్మాయ్?"

"గొంతు పోయిందని చెప్త సార్. జలుబు."

ఆయన చాలా నొచ్చుకున్నారు. కానీ దూరం నుంచి డప్పుల మోత, నినాదాలు వినపడుతున్నాయి. ఏమనుకున్నారో, జేబురుమాలు తీసి మెడకు చుట్టుకున్నారు.

చౌరస్తాలో నేల కనబడకుండా జనం. రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యిలు, వాటి మీద మనిషి కూర్చోగలిగినంత గంగాళాలు, పొగ, కళ్ళమంట. అంచుల వెంబడి తలొంచుకుని సగం దూరం దాటేశాం కూడా. అంతలో, "అరె బిడ్డా! నువ్వేంది గిక్కడ?" అని చిన్నాయన గొంతు. నేను గబుక్కున సారుకు అడ్డంగా నిలబడ్డాను.

"మా సారు చిన్నాయనా. గోదాం కాడికి పోతున్నం. సారుకు గొంతు పోయింది, మాట రాదు."

"అయ్యో, ఎట్ల పోయింది సారూ?" అని చిన్నాయన ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. సారు గొంతు చూపించి, ఆకాశం చూపించి, ఏదో సంజ్ఞ చేశారు. (తర్వాత అడిగితే, అది మంచు పడటమట.) పప్పు గంగాళం దగ్గర గరిట తిప్పుతున్న ఒక పెద్దమ్మ పరుగున వచ్చి, మిరియాలు వేసిన వేడినీళ్ళు గ్లాసుతో ఆయన నోటికి పెట్టింది. నాలుక చుర్రుమన్నా ఆ మహానుభావుడు కిమ్మనలేదు. చుట్టూ నలుగురు చేరారు. "సార్ది ఏ ఊరు?" అన్నాడొకతను. "నల్లగొండ దిక్కే" అన్నాను. "నల్లగొండల ఎక్కడ? మాది గూడ ఆడనే!" అని అతను సంబరపడ్డాడు. సారుకు ఆ క్షణంలో నిజంగానే దగ్గు వచ్చింది. ఆ దగ్గును నేను ఎంత ఆదరంగా చూసుకున్నానో, వీపు మీద ఎన్నిసార్లు నిమిరానో చెప్పలేను.

దగ్గు ఆగేలోపే సారు సంచిలోంచి కీచుమని చప్పుడు మొదలైంది. "ఫోన్ ఒస్తుంది, లేపున్రి సార్" అన్నారెవరో. అది ఫోన్ కాదు. గోదాము తనిఖీకని తీసుకొచ్చిన గ్యాస్ పసిగట్టే యంత్రం. సారు ముఖంలో రంగు మారింది. నేను తల తిప్పి చూశాను. కట్టెలు తడిసి మండటం లేదని కుర్రాళ్ళు ఎక్కడి నుంచో హోటళ్ళు వాడే పెద్ద సిలిండర్ తెచ్చారు. రోడ్డు వాలుగా ఉందని నిలబెట్టకుండా రెండు రాళ్ళ మధ్య పడుకోబెట్టి, పైపు బిగించబోయారు. బిగిసినట్టు లేదు. మూతి దగ్గర బుస్సుమంటూ తెల్లటి పొగమంచులాంటిది నేల మీద పాకుతూ, పల్లానికి, పెద్దమ్మ పప్పు పొయ్యి వైపు పోతోంది.

అదేమిటో ఆ జనంలో నాకూ సారుకూ మాత్రమే తెలుసు. పడుకోబెట్టిన సిలిండర్లోంచి గ్యాస్ కాదు, నీళ్ళలాంటి ద్రవమే బయటికొస్తుంది. చెంబుడు ద్రవం గాలిలో కలిస్తే గదంత గ్యాస్ అవుతుంది. గాలికన్నా బరువు కాబట్టి నేలను పట్టుకుని పోతుంది. నిప్పును చేరితే మంటై మళ్ళీ అదే దారిన వెనక్కి వస్తుంది. ఇదంతా పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అరవాలి. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎవరేమడిగినా నేనే మాట్లాడ్త అన్న పిల్ల, చేయి చాపి చేపలా నోరు తెరుస్తూ మూస్తూ నిలబడింది.

"ఆపండెహె! ఆ పొయ్యి ఆర్పేయండి! గ్యాసండీ బాబూ, గ్యాసు! అటు పోకండి, ఇటు రండి, గాలికి ఎదురు రండెహె!"

రిగ్గు మీద యంత్రాల హోరును దాటి వినిపించడానికి ముప్పై ఏళ్ళు సాధన చేసిన గొంతు అది. డప్పులు ఆగిపోయాయి. అంత జనం ఒక్కసారిగా మా వైపు తిరిగింది. "గీయన ఆంధ్రాయన!" అన్నారెవరో. "గూఢచారి గాడు" అన్నారింకెవరో. నల్లగొండాయన సారు కాలరు పట్టుకున్నాడు. సారు విడిపించుకునే ప్రయత్నం కూడా చేయలేదు. "నన్ను తర్వాత తన్నుదురుగాని నాన్నా, ముందు ఆ పొయ్యి!" అన్నారు.

అప్పుడు వచ్చింది నాకు మాట. "చిన్నాయనా, సారు చెప్పేది నిజం! పొయ్యి ఆర్పు!" అని కేకపెట్టాను. చిన్నాయన నన్ను చూశాడు, నేల మీది పొగను చూశాడు. నీళ్ళ డ్రమ్ము సిలిండర్ అవతల ఉంది. ఒక్క క్షణమే ఆలోచించాడు. కండువా చేతులకు చుట్టుకుని గంగాళం అంచు పట్టి, ఇంకో ఇద్దరిని కేకేసి, మొత్తం పప్పును పొయ్యి మీదికి బోర్లించాడు. పెద్ద ఆవిరి లేచింది. "నా పప్పు!" అని పెద్దమ్మ పెట్టిన కేక దిల్‌సుఖ్‌నగర్ దాకా వినపడి ఉంటుంది. మిగతా పొయ్యిల మీద ఎవరికి దొరికింది వాళ్ళు కుమ్మరించారు. కాలరు వదిలేసిన నల్లగొండాయనే జనాన్ని వెనక్కి నెట్టాడు. సారు తడిపిన తువ్వాలు పట్టుకుని, గాలి వీస్తున్న వైపు నుంచి వెళ్ళి, సిలిండర్‌ను నిలబెట్టి వాల్వు మూశారు. బుస ఆగింది. కానీ ఆ ద్రవం చల్లదనానికి ఆయన వేళ్ళు తెల్లగా కొయ్యబారిపోయాయి.

యంత్రం కీచులాట నెమ్మదించి, చివరికి అదీ ఆగింది. అందరూ సారునే చూస్తున్నారు. చిన్నాయన పప్పు మరకల కండువాతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"గొంతు ఒచ్చినట్టుంది సారూ?"

"మీ పెద్దమ్మ గారి మిరియాల నీళ్ళండి. మహత్తు ఉందండి ఆ చేతిలో" అన్నారు సారు.

ముందు నవ్వింది పెద్దమ్మే. ఆ తర్వాత చిన్నాయన. ఆపైన నా వైపు తిరిగి, "ఆంధ్ర సారని చెప్తే మేం గొర్కుతమనుకున్నవా? మేం కొట్లాడేది రాష్ట్రం కోసం, సారు తోటి గాదు" అని అందరి ముందూ గడ్డిపెట్టాడు. నేను తలొంచుకుని విన్నాను. (కాలరు సంగతి గుర్తుచేద్దామనుకున్నాను గానీ, ఆ నల్లగొండాయన అప్పటికే సారు వేళ్ళకు తన తువ్వాలు చుడుతున్నాడు.) పప్పు పోయింది కాబట్టి ఆ మధ్యాహ్నం అందరం ఉత్త అన్నంలో ఎర్రకారం, పచ్చి ఉల్లిగడ్డ నంజుకుని తిన్నాం. "పప్పు పాయె" అని గొణిగినవాళ్ళు లేకపోలేదు. సారు చేతికి మైకిచ్చారు. ఇక ఆపడం నా వల్ల కాలేదు. సిలిండర్‌ను ఎందుకు పడుకోబెట్టకూడదో మొదలుపెట్టి, తాటిచెట్టంత ఎత్తు లేచిన బావి దాకా, గోదావరి యాసలో, తెలంగాణ జెండాల కింద గంట పైగా చెప్పారు. అధికారి కూడా ఎక్కడో రోడ్డు మీద చిక్కుకుని రాలేకపోయాడని సాయంత్రం తెలిసింది.

ఆ తర్వాత నాకు చాలా దూరాలు పోయే అవకాశం వచ్చింది. కలగన్న రిగ్గులూ చూశాను, చమురు కంపెనీలకు నిబంధనల మీద సలహాలు ఇచ్చే స్థాయికీ వచ్చాను. మొన్న ఒక కంపెనీవాళ్ళు నా వృత్తి నేపథ్యం రాసివ్వమన్నారు. ప్రమాద నివారణలో మొదటి అనుభవం ఎక్కడ అని ఉంది. ఎల్బీనగర్ చౌరస్తా అని రాద్దామని చెయ్యి ఉరకలేసింది. కందిపప్పుతో, అని రాస్తే ఎవరు పనిస్తారు? ఏదో ఎడారి దేశంలోని ప్లాంటు పేరు రాసి పంపేశాను. పంపాక, నోరు తెరుచుకుని చేయి చాపి నిలబడ్డ ఆ పిల్ల కళ్ళముందు కనబడి, ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. ఎన్ని ప్లాంట్లలో ఎన్ని మంటలు ఆర్పడం చూశానో! అంత కమ్మటి వాసనతో ఆరిన మంట మాత్రం మళ్ళీ ఎక్కడా తగల్లేదు.