బ్రేకుకి నూనె

మిషనక్కకి ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో పట్టేసిన ప్రతిదానికీ మందు నూనే అని. కుట్టుమిషను కీచుమంటే నూనె. తలుపు కిర్రుమంటే నూనె. గొళ్ళెం బిగుసుకుంటే నూనె. ఇంటి ముందుగదే ఆవిడ రిపేరు కొట్టు. ఎప్పుడు చూసినా బల్ల మీద రెండు మూడు మిషన్లు పొట్టలు విప్పుకుని పడి ఉంటాయి. దర్జీలు చేతులెత్తేసిన మిషను తెచ్చి ముందు పెట్టగానే, చెవి ఆనించి, చక్రం ఒక్కసారి తిప్పి, "ఏం లేదు, దీనికి దాహమేసింది" అనేది. సగం మిషన్లు ఆ చుక్క నూనెకే బాగైపోయేవి. మిగతా సగం కూడా బాగయ్యేవనుకోండి, కాకపోతే ఆవిడ చేత నాలుగు తిట్లు తిన్నాక.

ఆవిడ మొగుడు బస్సు డ్రైవరు. ఆ మనిషి నోటికి మూతపడటం తెలియదు. స్టీరింగు పట్టుకుంటే చాలు, వెనక సీట్లో ఎవరి పిల్ల పరీక్ష తప్పిందో, ఎవరి అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయో, అన్నీ ఆయనకే కావాలి. ఇంటికొచ్చాక అవన్నీ పూసగుచ్చినట్టు పెళ్ళానికి చెప్పాలి. ఆవిడ స్క్రూడ్రైవరు తిప్పుతూ వినేది. మధ్యలో "ఊఁ, తర్వాత?" అనకపోతే ఆయనకి కోపం కూడాను.

అలాంటి మనిషి ఒకరోజు డిపోలో టీ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారిపోయింది. పక్షవాతం. కుడిపక్క కొట్టేసింది. ఆస్పత్రులూ మందులూ అయ్యాక కాలు దారికొచ్చింది, చెయ్యి సగం దారికొచ్చింది. మాట కూడా వచ్చింది గానీ ముద్దముద్దగా, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టుగా వచ్చింది. "రోజూ మాట్లాడించండమ్మా. మాట్లాడితే తేరుకుంటుంది. మానేస్తే మాత్రం అక్కడే ఆగిపోతుంది" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

మొదట్లో మాట్లాడేవాడే. ఒకనాడు వీధి చివర కొట్టుకి సబ్బు కోసం వెళ్ళాడు. ఆయన మాట సాగదీసుకుంటూ అడిగేసరికి కొట్టువాడు పక్కవాడికి కన్నుగీటి, "పొద్దున్నే వేసుకొచ్చినట్టున్నాడు" అని నవ్వాడు. వాడి నోరు పడిపోను! డ్రైవరు సబ్బు తీసుకోకుండానే ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆ కూలబడటం కూలబడటమే. ఆ రోజు నుంచి అవునంటే "ఊఁ", కాదంటే "ఊఁహూఁ". బయటికి అడుగు పెట్టడు, మనిషి కూడా చిక్కి సగమైపోయాడు. మిషనక్క కొట్టువాడి దగ్గరికెళ్ళి వీధి వీధంతా వినేలా కడిగేసింది. ఇంటికొచ్చి మొగుణ్ణి బతిమాలింది, అలిగింది, కావాలని పోట్లాట పెట్టుకుంది. ఏం లాభం? ఊఁ, ఊఁహూఁ, అంతే. రోజులు గడిచేకొద్దీ ఆ మాట ఇక రాదేమోనని ఆవిడకి భయం పట్టుకుంది. పగలంతా ధైర్యంగా తిరిగేది గానీ, వంటింట్లోకి వెళ్తే కళ్ళు తుడుచుకోకుండా బయటికొచ్చేది కాదు.

ఇదిలా ఉండగా ఒకరోజు కండక్టరు వచ్చాడు. డ్రైవరుతో ఏళ్ళ తరబడి ఒకే బస్సులో తిరిగినవాడు. సెలవు దొరికితే ఇద్దరూ రిజర్వాయరు గట్టు మీద గేలాలేసుకు కూర్చునేవాళ్ళు. ఆ రోజు వచ్చినవాడి చేతిలో చిన్న అట్టపెట్టె ఉంది.

"గురూ, నీకోసం గేలపుకర్రకి బిగించే కొత్తరకం రీలు తెచ్చా. ఎడం చేత్తో కర్ర పట్టుకుని, బొటనవేలితో ఈ మీట నొక్కి, విసిరెయ్. కుడిచేత్తో నెమ్మదిగా చుట్టుకో. చేతికి వ్యాయామం, పొయ్యి మీదికి చేప!"

అది ఉన్నవాటిలోకెల్లా చవకది. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, పట్టుకుంటేనే తెలుస్తోంది. డ్రైవరు కుడిచేత్తో పిడి పట్టుకోబోతే వేళ్ళు జారిపోయాయి. మళ్ళీ పట్టుకుని తిప్పితే గరగరమని సగంలో ఆగింది. "ఊఁహూఁ" అని బల్ల మీద పెట్టేసి మొహం తిప్పుకున్నాడు. కండక్టరు పాపం బిక్కమొహం వేశాడు.

మిషనక్కకి మాత్రం రోషం పొడుచుకొచ్చింది. "ఇంతోటి డొక్కు రీలు నా మొగుణ్ణి కాదంటుందా? ఇక్కడ పెట్టి వెళ్ళు తమ్ముడూ, దీని సంగతి నేను చూస్తా" అంది.

మర్నాడు పాత తెల్ల దుప్పటి ముక్క పరిచి రీలు విప్పింది. మొదటి స్క్రూ తీసీ తియ్యగానే చిన్న స్ప్రింగు ఒకటి చెంగున ఎగిరి మంచం కిందికి పోయింది. కిందపడ్డ సూదులు ఏరే అయస్కాంతంతో దాన్ని పట్టుకొచ్చి, ఆ తర్వాత ప్రతి ముక్కనీ తీసిన వరసలోనే పేర్చింది. లోపల పళ్ళచక్రాలకి కంపెనీవాడు జిడ్డు ఎడాపెడా మెత్తాడు, అది కాస్తా బంకలా గట్టిపడింది. కిరసనాయిల్లో ముంచి పాత టూత్‌బ్రష్‌తో తోమింది. పిడి తిరిగేచోట బేరింగు ఉండాల్సింది పోయి ప్లాస్టిక్ గొట్టం ముక్క ఉంది. "దొంగవెధవలు!" అనుకుని, బొమ్మకార్ల విడిభాగాలు అమ్మే కొట్లో వెతికి సరిపోయే బుల్లి బేరింగులు తెచ్చి వేసింది. పిడినైతే ఏకంగా మార్చిపారేసింది. చేతిమిషను చక్రానికుండే చెక్కపిడి, గుప్పిట నిండా వచ్చేది, ఒకటి అటక మీద పడి ఉంటే దించి బిగించింది. డ్రైవరు కుర్చీలోంచి ఓరకంట చూస్తూనే ఉన్నాడు. ఆవిడ చూసినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించేవాడు.

ఇక చివరికి నూనె. ఇరుసుకి వేసింది. బేరింగులకి వేసింది. దారం చుట్టుకునే చుట్టని ఆవిడ బాబిన్ అనేది. ఆ బాబిన్ పక్కన బియ్యపుగింజంత ప్లాస్టిక్ ముక్కలు నాలుగు అటూ ఇటూ కదులుతున్నాయి. మూత లోపల వాటి చుట్టూ ఒక లోహపు కట్టు ఉంది. రెండూ ఒరుసుకుంటున్నట్టు అనిపించి, "అరిగిపోతాయి పాపం" అని ముక్కలకీ కట్టుకీ దండిగా నూనె పట్టించింది. మూత బిగించి, మీట నొక్కి, బాబిన్‌ని వేలితో ఒక్క తోపు తోసింది. అది ఆగదే! తిరుగుతోంది, తిరుగుతోంది, ఇంకా తిరుగుతూనే ఉంది.

"చూశావా? వెన్నపూసలా లేదూ?" అని మొగుడి మొహం ముందు పెట్టింది.

"ఊఁ" అన్నాడాయన. కానీ ఈసారి కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అనబోయి మింగేశాడు.

ఆదివారం పొద్దున మేడ మీద పరీక్ష. కండక్టరు రీలుని గేలపుకర్రకి బిగించి, దారం చివర గేలానికి బదులు పాత తాళంచెవి కట్టాడు. డ్రైవరుని నానా తంటాలు పడి మెట్లెక్కించి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. కండక్టరు "రైట్ రైట్!" అని అరిచి విసిరాడు. తాళంచెవి పిట్టగోడ దాకా కూడా పోలేదు. బాబిన్ మాత్రం గిర్రున తిరిగి, దారం వెనక్కి పొంగి, రీలు మీద ఇంత కాకిగూడు కట్టేసింది. కూర్చుని విప్పారు. మళ్ళీ విసిరారు. ఇంకా పెద్ద గూడు. విప్పలేక కత్తెర పెట్టారు. మిషనక్క తానే విసిరింది. దారం వెళ్ళి ఆవిడ జుట్టుకే చుట్టుకుంది.

పక్క మేడ మీద బట్టలారేసుకుంటున్నావిడ చేతులు ఆపి చూస్తోంది. "ఏమైనా చిక్కిందా తమ్ముడూ?" అని అడిగింది.

"చిక్కే చిక్కిందండీ!" అన్నాడు కండక్టరు, ఆ దారంతో కుస్తీ పడుతూ.

మిషనక్క మొహం కందగడ్డయింది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిలో బాగుపడని మిషను లేదు. "ఎక్కడో పట్టేస్తున్నట్టుంది. ఇంకో చుక్క వేస్తే సరి" అని మూత విప్పి, ఆ ప్లాస్టిక్ ముక్కల మీదే మళ్ళీ నూనెడబ్బా వంచింది.

"ఆగవే!"

ఆ అరుపుకి పిట్టగోడ మీది పావురాలు లేచిపోయాయి. డ్రైవరు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

"బ్రేకుకి... నూనె పోస్తావేంటే! బుద్ధుందా నీకు! ఆ ముక్కలే... బ్రేకులు! ఆ కట్టే డ్రమ్ము! మీట నొక్కావంటే... క్లచ్చు నొక్కినట్టే. బండి న్యూట్రల్‌లో... పల్లంలో పోతోంది. బ్రేకు చూస్తే నూనెలో ఈదుతోంది. ఇక ఎక్కడ... ఎక్కడ ఆగి చస్తుందే! దారం వెళ్ళేదానికన్నా చుట్ట జోరుగా తిరిగితే... పొంగక ఏం చేస్తుంది!"

మాటలు ముద్దగానే ఉన్నాయి. మధ్యమధ్య ఆగుతున్నాయి, నోటి చివర తడి చేరుతోంది. ఆయనకి అదేమీ పట్టలేదు. బస్సుకి ఎవడో అడ్డమొస్తే ఎలా మండిపడేవాడో అచ్చం అలాగే మండిపడుతున్నాడు. కండక్టరు కళ్ళు ఇంత చేసుకుని, "గురూ, నువ్వు మాట్లా..." అనబోయాడు. మిషనక్క వాడి కాలు గట్టిగా తొక్కింది. వాడు "కెవ్" మని నోరు మూసుకున్నాడు.

"మరి ఏం చెయ్యమంటావయ్యా?" అంది ఆవిడ, ఏమీ జరగనట్టే నూనెడబ్బా కింద పెడుతూ. తన పనిలో తప్పు దొరికినందుకు సిగ్గేసింది నిజమే. కానీ ఆ తిట్లు ఒక్కొక్కటీ చెవిలో పడుతుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చినట్టుంది. ఇంకో పది తిట్టినా బాగుండనిపించింది.

"స్పిరిటు తే. దూది తే. నూనె పిసరు కూడా... మిగలకూడదు. ఒరేయ్, నిలబడి చూస్తావేం, ఆ మూత ఇలా పట్టుకో!"

పగలంతా అదే పని. ఆయన చెప్పడం, ఆవిడ చెయ్యడం. ముక్కలు తుడిచి, ఆరబెట్టి, ఇరుసుకి మాత్రం ఒక్క చుక్క వేసి, మూత బిగించేసరికి ఎండ వాలిపోయింది. ఈసారి విసిరితే తాళంచెవి పిట్టగోడ దాటి చక్కగా పోయింది. దారానికి ఒక్క మెలిక కూడా పడలేదు.

తర్వాతి ఆదివారం ముగ్గురూ రిజర్వాయరుకి వెళ్ళారు. ఇంట్లో మాటలు కాస్త పెరిగాయి గానీ, దారి పొడుగునా జనం కనబడితే చాలు డ్రైవరు నోరు బిగించేశాడు. మిషనక్క అది గమనించింది. ఇంట్లో పెళ్ళాన్ని తిట్టడం వేరు, బయట మనుషుల ముందు నోరు విప్పడం వేరు. ఆ రెండోది వస్తేనే పాత మనిషి తిరిగొచ్చినట్టు. ఆవిడ గట్టు మీద చాప పరిచి కూర్చుంది.

చేపలు పడ్డాయా అంటే, లేదు. కానీ ఎడంచేత్తో విసరడం, కుడిచేత్తో ఆ చెక్కపిడి పట్టుకుని చుట్టడం, ఎండెక్కేదాకా ఆయన ఆపలేదు. కొంచెం అవతల టోపీ పెట్టుకున్న ఒకాయన ఖరీదైన గేలంతో అవస్థ పడుతున్నాడు. విసిరినప్పుడల్లా కాకిగూడే. చివరికి విసుగొచ్చి వీళ్ళ దగ్గరికి నడిచొచ్చాడు.

"ఏం కంపెనీదండీ ఇది? ఇంత సాఫీగా పోతోంది?"

కండక్టరు నోరు తెరవబోయాడు. మిషనక్క కూడా తెరవబోయింది. డ్రైవరు ఎడంచెయ్యి కొంచెం పైకెత్తాడు, ఆగమన్నట్టు.

"చవకదేనండీ. మా ఆవిడ... బాగుచేసింది."

టోపీ ఆయన చెవి ముందుకి పెట్టాడు. "ఏంటండీ? అర్థం కాలేదు."

 మిషనక్కకి మొగుడి మెడ ఎర్రబడటం వెనకనుంచి కనిపిస్తోంది. లేచి తనే చెప్పేద్దామని చాప మీద చెయ్యానించింది. అంతలో ఏమనుకుందో, ఆ చేత్తోనే చాప అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

 డ్రైవరు ఒక్కో మాటా కుదురుగా పెట్టుకుంటూ, ఇందాకటికన్నా గట్టిగా చెప్పాడు.

"మా... ఆవిడ. మెకానిక్కు. పిడి మార్చింది. బేరింగులు వేసింది. ఆవిడ చెయ్యి పడితే... ఏదైనా బాగవుతుందండీ."

"ఓహో! అదృష్టవంతులండీ" అన్నాడు టోపీ ఆయన. నవ్వలేదు, కన్నుగీటలేదు. తన రీలు తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టి, "కాస్త దీని రోగమేంటో కూడా చూసి చెబుదురూ" అని పక్కనే చతికిలబడ్డాడు.

డ్రైవరు ఆ రీలు ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి తిరిగి పెళ్ళాం వైపు చూశాడు. "విన్నావుటే?" అన్నాడు.

ఆవిడ అన్నీ విన్నది, అక్షరం పొల్లుపోకుండా. కొంగుతో మొహమంతా తుడుచుకుని, ఎటో చూస్తూ, "ఏంటీ? గాలికి నాకేం వినపళ్ళేదు. మళ్ళీ చెప్పు" అంది.