సత్యవతి వదిన, ఆవకాయ జాడీలో బంగారు చేపలు

నిన్న పొద్దున్న మేనల్లుడు ఫోన్ చేసి "అత్తా, అమ్మ నిద్రలోనే పోయింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

మొన్న ఆదివారమే కదా, వీడియో కాల్‌లో నా కొత్త పళ్లసెట్ చూసి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది!

మా సత్యవతి వదిన. మా పెద్దన్నయ్య భార్య. నాకంటే రెండేళ్లు పెద్దదంతే.

ఏడుస్తూ రాయడం ఆవిడకి నచ్చదు. అందుకే చేపల సంగతి రాస్తున్నాను.

పంతొమ్మిది వందల యాభైల్లో మాట. వదిన వైజాగ్ నుంచి చోడవరానికి కాపురానికి వచ్చింది. బస్సులో ఒళ్లో ఖాళీ గాజుతొట్టి, కాళ్ల దగ్గర మూత డబ్బాలో బంగారు చేపలు. వాళ్ల నాన్న ఇచ్చారు.

చెరుకు, వరి తప్ప ఇంకో లోకం తెలియని ఇల్లు మాది. పెంచుకునే చేపల్ని ఎవరూ చూడలేదు. పులుసుకి సరిపోవని మా పిన్ని తేల్చేసింది.

వదిన ఎవరితోనూ మాట్లాడేది కాదు. అడిగితే తల ఊపేది. చేపల దగ్గర మాత్రం కూర్చుని ఏవో కబుర్లు చెప్పేది.

ఏడాది తిరిగేసరికి చేపలు పెరిగాయి. పెద్దది వెనక్కి తిరగాలంటే తోక గాజుకి తగిలేది.

పెద్దవాళ్ల ముందు భార్యాభర్తలు మాట్లాడుకునే రోజులు కావవి. మా అన్నయ్య ఏమీ అనకుండా వెళ్లి, కమ్మరి చేత ఇనుప ఫ్రేమ్ చేయించి, అద్దాలు బిగించి పెద్ద తొట్టి తెచ్చాడు. వదిన ముఖం చూడాలి ఆ రోజు!

అద్దాల అంచులకి పెట్టిన లప్పం ఆరాక వదిన నీళ్లు పోసి, పారబోసి, మళ్లీ పోసి, వాసన పోయేదాకా ఆగింది. ఇంతలో వాళ్ల నాన్న చూడ్డానికి వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన వచ్చే రోజు పొద్దున్నే చేపల్ని మార్చాలనుకున్నాం.

పాత తొట్టి ఉన్న గట్టు మీదే కొత్తది పెట్టాలి. పాత గులకరాళ్లు, పాత నీళ్లు అందులోకే పోవాలి. అందాకా చేపలు ఎక్కడ ఉండాలి?

ఇంట్లో ఉన్నవన్నీ ఇత్తడి, రాగి. వాటిలో చేపలు బతకవని వాళ్ల నాన్న చెప్పారట. కుండల మూతి ఇరుకు.

ఇక మిగిలింది మా అమ్మ ఆవకాయ కోసం కొన్న కొత్త పింగాణీ జాడీ. దానికి తడి చెయ్యి కూడా తగలనిచ్చేది కాదు అమ్మ.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి, మా అమ్మతో మొదటిసారి తనంతట తాను మాట్లాడింది.

"అత్తమ్మా, ఆ జాడీ ఒక్క పూట ఇస్తారేటి?"

అమ్మ చేతిలో పని పక్కన పెట్టి లేచింది. తర్వాత తనే అటక మీంచి దింపి తెచ్చింది.

"సరిగ్గా పట్టుకో. పగిలితే నీ సేపలు నీ ఒళ్లోనే పెరగాల."

చేపలు జాడీలోకి, అక్కణ్ణించి కొత్త తొట్టిలోకి హాయిగా వెళ్లాయి. పాత నీళ్లు సగానికే వచ్చాయి. మిగతావి రోజూ కొంచెం కొంచెం పోద్దామని, ఒక్కసారే కొత్తనీళ్లు పడితే చేపలు తట్టుకోలేవని నాతో చెప్పి వదిన వంటకి వెళ్లింది.

మామగారు వచ్చే వేళకి తొట్టి సగం ఖాళీగా ఉంటే బాగోదనుకున్నాడు మా అన్నయ్య. చల్లటి బావినీళ్లు బకెట్లతో తెచ్చి గుమ్మరించేశాడు.

పెద్ద చేప పక్కకి ఒరిగిపోయింది.

నేను అరుగు మీద ఉన్నాను. వదిన నాన్నగారు సంచీతో మెట్లెక్కుతున్నారు. అప్పుడు లోపల్నించి వదిన గొంతు వినపడింది.

"మిమ్మల్ని పొయ్యమన్నదెవరు? నేను సెప్పేనా? ఆగలేరేటి కాసేపు?"

అమ్మ, నాన్న, పిన్ని, అందరి ముందూ మొగుణ్ణి అలా కడిగేస్తోంది! అన్నయ్య బకెట్ పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడట. ముందు నవ్వింది మా అమ్మేనట.

పెద్దాయన లోపలికి రాలేదు. సంచీ కింద పెట్టి అరుగు మీద కూర్చుండిపోయారు. కండువాతో కళ్లు తుడుచుకుంటున్నారు, పెదాల మీద మాత్రం నవ్వు.

అమ్మ మంచినీళ్లు తెస్తే అన్నారు: "ఇంక నాకు దిగుల్లేదు సెల్లెమ్మా. మా గుంట గొంతు బాగానే ఇనపడతంది."

ఆ తర్వాత తండ్రీకూతుళ్లిద్దరూ చల్లనీళ్లు కొన్ని తోడేసి, జాడీలో మిగిలిన పాత నీళ్లు పోసి, తొట్టి ముందే కూర్చున్నారు. సాయంత్రానికి పెద్ద చేప నిటారుగా ఈదింది. అన్నయ్య అప్పుడు గానీ అన్నం తినలేదు.

ఆ జాడీలో ఆవకాయ మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. అది సేపలదంట, అని ఊరంతా చెప్పుకుంది మా అమ్మ.

ఆ రోజు మొదలుపెట్టిన మాట వదిన ఇంక ఆపలేదు. మా అందరి పెళ్లిళ్లూ, పురుళ్లూ, తగువులూ ఆ గొంతు మీదే నడిచాయి.

అన్నయ్య పోయి తొమ్మిదేళ్లు. పాపం, ఎదురుచూస్తూ ఉంటాడు.

వెళ్లిరా వదినా. అన్నయ్య పక్కన కూర్చుని తీరిగ్గా కబుర్లు చెప్పుకో. నీ మనసు చల్లగా ఉండాలి.