కొలబద్ద నెత్తురు

నెత్తురు పరీక్షలు చేసే ఆ ల్యాబులో అతన్ని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను కొలబద్ద బాబాయే. ఊరికే వచ్చిన పేరు కాదది. రోజూ పొద్దున్నే మిషను సరిచూసుకోవడానికి ఒక ఆరోగ్యవంతుడి నెత్తురు కావాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ నెత్తురు అతనిదే. చొక్కా చెయ్యి మడిచి, పళ్ళతో రబ్బరు పట్టీ బిగించి, తన నెత్తురు తనే తీసుకునేవాడు. ట్యూబు మీద ‘ఆరోగ్యవంతుడు’ అని చీటీ అంటించి ఐసులో పెట్టేవాడు. దాని అంకె వచ్చాకే రోగుల ట్యూబులు కదిలేవి.

“బాబాయ్ వచ్చారా? అయితే మొదలెడదాం” అనేవారు తోటి టెక్నీషియన్లు.

దాపరికం దేనికి, భార్య పోయాక అతను పక్క మీంచి లేచేది ఆ ఒక్క మాట కోసమే. ఇంట్లో రెండు కుర్చీలు, ఒక మనిషి. అతను గడప దాటుతుంటే “గ్యాసు కట్టేశారా?” అని అడగడం ఆవిడ అలవాటు. ఇప్పుడు ఆ ప్రశ్న తనే పైకి అడుక్కుని, “కట్టేశాను” అని తనే చెప్పుకుని, తాళం వేసేవాడు.

ఒకరోజు మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగాయి. తననెవరూ ఎరగని వీధిలో ఒక డాక్టరుకు చూపించుకున్నాడు. బీపీ నూట డెబ్బై. రోజూ ఒక మాత్ర వేసుకోమన్నాడాయన. ల్యాబులో చెప్పేద్దామనే వెళ్ళాడు పాపం. గుమ్మంలోనే “బాబాయ్ వచ్చారా?” అన్నారు. ఇంకేముంది, చల్లకొచ్చి ముంత దాచినట్టయింది. రోజూలాగే చొక్కా చెయ్యి మడిచాడు.

అసలు తంటా ఇక్కడే ఉంది. అక్కడ అప్పుడు జరుగుతున్న పరిశోధన సరిగ్గా ఆ మాత్ర మీదే. మన ఒంట్లోనూ లోలోపల తుప్పులాంటిది పడుతుందట. బీపీ తగ్గించే ఆ మాత్ర, యాంటీ ఆక్సిడెంటుగా ఆ తుప్పును కూడా అడ్డుకుంటుందేమో తేల్చాలని పెద్ద డాక్టరమ్మ పట్టుదల. నలభై మంది రోగులు. రోజూ ఉదయం పక్కగదిలోంచి సిస్టరు వాళ్ళకు ఫోను చేసి మూడే ప్రశ్నలు అడిగేది. మాత్ర వేసుకున్నారా? కళ్ళు తిరుగుతున్నాయా? ఇంకేమైనా చెప్పాలా? మూడోదానికి అందరూ “ఏం లేదండీ” అని పెట్టేసేవారు.

మొదట్లో రోగుల అంకెలు కొలబద్ద అంకె కంటే మెరుగ్గా వచ్చాయి. ఆ తర్వాత ఎనిమిది నెలలుగా తేడా మాయమైంది. మాయమవక ఏం చేస్తుంది? కొలబద్ద నెత్తురులోనూ అదే మాత్ర చేరింది మరి.

“ఈ మాత్రలో అంత పస లేదు బాబాయ్ గారూ. రేపు అలాగే రాసి పంపేస్తాను” అంది డాక్టరమ్మ, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంటూ.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే నలభై మంది నెత్తురు బూడిదలో పోసినట్టే. తెరిస్తే, తనకోసం ఎదురుచూసే ఆ ఒక్క చోటూ పోతుంది. అతను సింకు దగ్గరికి వెళ్ళి, శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ కడుక్కుని వచ్చాడు.

“పస ఉందమ్మా. తప్పు నాలో ఉంది. ఎనిమిది నెలలుగా నేనూ ఇదే మాత్ర వేసుకుంటున్నా.”

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. “మీకేమైనా మతి పోయిందా? ఒక్క మాట చెబితే ఏం పోయేది?”

“ఎవరూ అడగలేదమ్మా.”

అది సాకని అతనికీ తెలుసు. అబద్ధం మాత్రం కాదు.

ఎనిమిది నెలల అంకెలూ కొట్టేశారు. వారం రోజులు ఇంటిపట్టునే ఉండమంది డాక్టరమ్మ. అతను బ్యాగు సర్దుకుంటుంటే, తలెత్తకుండానే, “నలభై ఒకటో రోగిగా మిమ్మల్ని జాబితాలో రాయిస్తున్నా” అంది.

మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ చొక్కా చెయ్యి మడిచాడు. ఈపాటికి అక్కడ ఇంకెవరో నెత్తురు ఇచ్చి ఉంటారు, మిషను మొదలై ఉంటుంది. మడత విప్పేసి, రెండో కుర్చీకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఫోను మోగింది. సిస్టరు.

“మాత్ర వేసుకున్నారా?”

“వేసుకున్నాను.”

“కళ్ళు తిరుగుతున్నాయా?”

“లేదు.”

“ఇంకేమైనా చెప్పాలా?”

అతను వంటింటి వైపు తిరిగి చూశాడు.

“చెప్పాలమ్మా. గ్యాసు కూడా కట్టేశాను.”